పగడపు తొట్టిలో కలుపు

మా పళ్ల ఆసుపత్రి హాల్లో గోడ పొడవునా ఉప్పునీటి తొట్టి ఒకటి ఉంది. పదకొండేళ్లు దాని బాగోగులు చూసిన మనిషిని అందరం తొట్టి బాబాయ్ అనేవాళ్లం. వచ్చినవాళ్లు పంటి నొప్పి మరిచిపోయి ఆయన కబుర్లు వింటూ కూర్చునేవారు. అదే డాక్టరు గారికి గిట్టేది కాదు.

తొట్టి మధ్యలో అరచేయంత ఊదారంగు పగడం ఉండేది. గోరంత ముక్క తెచ్చి బాబాయే పెంచాడు. పిల్లల్లేని మనిషి, దాన్ని 'మా అమ్మాయి' అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ ఆ మాట ఉత్తుత్తిది కాదు.

ఒక సోమవారం దాని పక్కన రాతి సందులో చిన్న పువ్వు చూశాను. గోధుమరంగు కాడ, గాజుపోగుల్లాంటి రేకులు. రిసెప్షన్ బల్ల వదిలి వెళ్లి ముచ్చటగా ఆయనకు చూపించాను.

"పువ్వు కాదమ్మా, కలుపు. అనిమోన్లని సముద్రపు జీవులుంటాయి, వాటిలో దొంగజాతి. పక్కనున్నవాటిని కుట్టి కుట్టి చంపుతుంది," అన్నాడు.

పుల్లతో తాకగానే అది చటుక్కున సందులోకి ముడుచుకుపోయింది. అదే దాని గుర్తట. నీళ్లు తిప్పే మోటారు ఆపి, చిక్కటి సున్నపు ముద్దను సిరంజితో దాని నోట్లో వదిలితే మేత అనుకుని మింగి చస్తుందట. ఆ రోజు సంచిలో సున్నం లేదు, గురువారం వస్తానన్నాడు. ఇంకేదో చెప్పబోతుంటే ఫోను మోగింది. చెయ్యెత్తి ఆగమన్నాను. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

నా చేతులు ఊరికే ఉండవు. బుధవారం హాలు ఖాళీగా ఉన్నప్పుడు, అద్దం గీకే బ్లేడుతో దాన్ని గీకి పారేశాను. మర్నాడు ఆ ఘనకార్యం నేనే చెప్పుకున్నాను. బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు.

"గీకావా తల్లీ? తెగిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుందే."

మొలిచాయి. మూడు వారాల్లో తొట్టి నిండా అవే. బాబాయ్ రోజూ వచ్చి సిరంజితో ఒక్కొక్కదాన్నీ చంపుతూనే ఉన్నాడు, పగడం ఒక పక్క తెల్లబడుతూనే ఉంది. డాక్టరు గారు అందరి ముందూ నిలదీశారు. బాబాయ్ నా వైపు చూశాడు. నేను అపాయింట్‌మెంట్ల పుస్తకంలో తల దూర్చాను. ఉద్యోగం పోతుందని భయం. ఇప్పటికీ ఆ భయం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

"చూసుకోవాల్సింది నేనే కదండీ," అన్నాడు ఆయన. ఇక పనిలోకి రావద్దన్నారు డాక్టరు గారు. పోతూ పోతూ పగడం ఒక్కటీ ఇమ్మని అడిగాడు. తొట్టిలోది ఏదైనా ఆసుపత్రిదే అన్నారు డాక్టరు గారు. తొట్టి పని నాకే అప్పగించారు.

మొన్న మందుల షాపు దగ్గర ఎదురుపడ్డాడు.

"మా అమ్మాయి ఎలా ఉందమ్మా?"

దాన్ని నా చేత్తోనే చెత్తబుట్టలో వేసి నెల దాటింది. బాగా పెరిగింది బాబాయ్ అన్నాను. ఆయన ముఖం విప్పారింది.

"ఒక్కసారి వచ్చి చూసి పోనా?"

డాక్టరు గారు ఒప్పుకోరన్నాను.