పది నిమిషాల నాన్న పరీక్ష

అత్తారింట్లో అల్లుడి పరువు పోవడానికి మామూలుగా ఏళ్లు పడుతుంది. ఒక పెళ్లికి కొంచెం, ఒక పండక్కి కొంచెం, అలా విడతలవారీగా పోతుంది. నాది మాత్రం గరిడేపల్లిలో ఒక ఆదివారం పొద్దున పద్దెనిమిది నిమిషాల్లో మొత్తం పోయింది. సెల్‌ఫోన్‌లో టైము పెట్టుకుని మరీ పోగొట్టుకున్నాను కాబట్టి లెక్కలో తేడా లేదు. ఎలాగో చెబుతాను వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

నా పేరు సైదులు. సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్ని. మా లైబ్రేరియన్లకు ఒక జబ్బు ఉంటుంది. లోకంలో ఏ ప్రశ్న పుట్టినా దానికి జవాబు ఏదో ఒక బీరువాలో ఉండి తీరుతుందని నమ్ముతాం. కాలేజీ పిల్లలు పరీక్షల ముందు గైడ్ల కోసం తప్ప నా గడప తొక్కరు కాబట్టి ఆ బీరువాలన్నీ నేనే చదివేవాణ్ని. చదివే కొద్దీ నా జబ్బు ముదిరింది.

అలాంటివాడికి ఏ బీరువాలోనూ లేని ప్రశ్న ఒకటి ఎదురైంది. కన్నకూతురు నన్ను చూడగానే ఎందుకు ఏడుస్తోంది?

తొలి కాన్పు కదా, మా ఆవిడ స్వరూప ఏడో నెలలోనే పుట్టింటికి, అంటే గరిడేపల్లికి వెళ్లింది. పాప పుట్టింది. నేను ఆదివారం ఆదివారం బండి మీద వెళ్లి, పాపను చూసి, మధ్యాహ్నం కోడికూర తిని, సాయంత్రానికి సూర్యాపేట చేరేవాణ్ని. బడి తనిఖీకి వచ్చే అధికారికీ నాకూ పెద్ద తేడా లేదు. మొదట్లో పాప ఎవరెత్తుకున్నా ఊరుకునేది. ఐదో నెల దాటగానే మనుషులను గుర్తుపట్టడం మొదలుపెట్టింది. అమ్మను గుర్తుపట్టింది, అమ్మమ్మను గుర్తుపట్టింది, తాతను గుర్తుపట్టింది, చివరికి పాలు పోయడానికి వచ్చే ఆయన్ను కూడా గుర్తుపట్టి బోసినోటితో నవ్వింది. నన్ను మాత్రం చూడగానే పెదవి విరిచి, ఊపిరి బిగబట్టి, రైసుమిల్లు సైరన్ లాగా అందుకునేది.

స్వరూప పంచాయతీ కార్యదర్శి. ఊరి తగాదాలు తీర్చి తీర్చి ఆమెకు తీర్పులు చెప్పడం అలవాటు.

"సూడు లైబ్రరీ సారూ," అంది ఒకరోజు. "నా లీవు ఇంక మూడు వారాలే ఉన్నది. సూర్యాపేటకు పోయినంక నేను ఎనిమిదింటికే డ్యూటీకి పోవాలె. పదింటికి పనామె వచ్చేదాక పిల్ల నీ దగ్గరనే ఉండాలె. నిన్ను చూస్తెనే గిట్ల ఒర్రుతుంటే ఎట్ల చేద్దామంటవ్?"

"మెల్లగ అలవాటయితది."

"ఎప్పుడు? దాని పెళ్లికా? మూడు ఆదివారాలు టైమిస్తున్న. మూడో ఆదివారం నాటికి నీ చేతులల్ల పది నిమిషాలు ఏడ్వకుంట ఉండాలె. ఉంటే ముగ్గురం పోదాం. లేకపోతె పిల్లకు ఏడాది నిండేదాక మేం గీడనే ఉంటం. నేను గీడికెంచే డ్యూటీకి పోత."

ఏడాది! సూర్యాపేటలో కిరాయి ఇంట్లో నేను అప్పటికే ఉయ్యాల కట్టాను, దోమతెర కొన్నాను, పాప పాకితే తగులుతుందని బల్ల మూలలకు గుడ్డలు చుట్టాను. పాకే పాప లేదు. రోజూ తాళం తీసి ఆ గుడ్డలు చుట్టిన బల్ల ముందు ఒక్కణ్నే కూర్చుని అన్నం తినేవాణ్ని. కాబట్టి ఈ పరీక్ష నెగ్గి తీరాలనుకున్నాను. పరీక్ష అన్నాక చదవాలి కదా. చదివాను. బీరువాలు చాలక మనుషుల మీద పడ్డాను.

ముందుగా కోదాడలో బీఈడీ కాలేజీలో సైకాలజీ చెప్పే మేడం గారికి ఫోన్ చేశాను.

"చూడండి అన్నయ్యగారూ," అన్నారావిడ ఎంతో నెమ్మదిగా. "చంటిపిల్లలకి బంధం కళ్లలోంచే మొదలవుతుందండీ. పాప కళ్లలోకి సూటిగా చూడండి. చూస్తూ నవ్వండి. అంతేనండీ."

ఆవిడ తప్పేం చెప్పలేదు. నేను చేసిన తీరే తప్పు. ఆదివారం పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెప్ప వేస్తే బంధం తెగిపోతుందేమోనని రెప్ప వేయకుండా, పళ్లన్నీ బయటపెట్టి చూశాను. కళ్లు ఎర్రబడ్డాయి. నీళ్లు కారాయి. నవ్వు మాత్రం ఆపలేదు. పాప నా మీసాన్ని, పళ్లను, ఎర్రటి కళ్లను ఒక్కొక్కటిగా పరిశీలించి సైరన్ మొదలుపెట్టింది. మా అత్త మల్లమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చింది.

"అయ్యో బిడ్డా, గట్ల గుడ్లురిమి సూస్తే పెద్దోళ్లే జడుసుకుంటరు! పసిపిల్ల ఏమైతది?" అని పాపను లాక్కుని, దిష్టి తీసింది. దిష్టి ఎవరిదని నేను అడగలేదు.

ఇక రెండో సలహా ఒక ఎకనామిక్సు సారుది. ఆ సారుది మిర్యాలగూడ. చుట్టాలకు రైసుమిల్లు ఉంది కాబట్టి ఆయనకు లోకమంతా మిల్లు లాగానే కనిపిస్తుంది.

"మిల్లుకాడికి లారీ ఊకెనే వస్తదా సైదులూ? లోడు దొరుకుతది గనుక వస్తది. మనిషైనా గంతే. నువ్వు కనపడంగనే పిల్లకు ఏదో ఒకటి దొరకాలె. అప్పుడు నువ్వెప్పుడు వస్తవా అని ఎదురుసూస్తది."

రెండో ఆదివారం గంటలున్న గిలక్కాయ కొనుక్కుని వెళ్లాను. పాప ఏడుపు ఆపి, చెయ్యి చాచి తీసుకుంది. నా గుండె ఉప్పొంగింది. తీసుకున్న గిలకతో నా ముక్కు మీద ఒక్కటిచ్చి, మిగిలిన ఏడుపు ఎక్కడ ఆపిందో అక్కణ్నుంచి అందుకుంది. కానుక పుచ్చుకుని ఓటు వేరేవాళ్లకు వేసేవాళ్ల గురించి ఎకనామిక్సులో ఏముందో నాకు తెలియదు. ఫోన్ చేసి అడిగితే ఆ సారు, "అయితే గిలక చిన్నదయి ఉంటది" అన్నాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నేను అప్పటికే రెండు డిపార్టుమెంట్లకు లోకువయ్యాను. మూడోది మా కాలేజీలోనే ఉంది. జువాలజీ సారు నా గోడంతా విని, టీ గ్లాసు కింద పెట్టాడు.

"వాసన తమ్మీ, వాసన! గొర్రె ఈనంగనే పిల్లను నాకి వాసన పట్టుకుంటది. వేరే పిల్లొస్తే కుమ్మేస్తది. మరి తల్లిలేని పిల్లను పిల్ల చచ్చిన గొర్రెకు అలవాటు చేసుడెట్ల? చచ్చిన పిల్ల తోలు దీని మీద కప్పుతరు. అయినా గివన్నీ నన్నడుగుతవేంది? మీ మామకు గొర్లమంద ఉన్నది గద. పోయి ఆయననే అడుగు."

అదీ చూడండి, ఆయన చెప్పిన వాటిలో అసలైన మాట ఆ చివరిదే. దాన్నే నేను వదిలేశాను. మా మామ లింగయ్య పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గొర్రెల వెనకే నడిచాడు. బడి మెట్లెక్కలేదు. రెండు పీజీలు చేసిన నేను వెళ్లి, "మామా, పిల్లను ఎత్తుకునుడెట్ల?" అని అడగడమా? పరువు పోదూ! అప్పట్లో నాకు ఇంకా పరువుండేది.

"అంటే సార్, పిల్ల తల్లి చీర కప్పుకుంటే సరిపోతదా?"

"ఉతికింది కప్పుకుంటే సబ్బు వాసనే వస్తది. కట్టి విడిచింది గావాలె."

మూడో ఆదివారం వచ్చింది. నేను వెళ్లేసరికి మామ మంద దగ్గరున్నాడు. అత్త తోటకూర తేవడానికి చేనుకు పోయింది. పాప ఇంటి వెనక రేకుల కొట్టంలో ఉయ్యాలలో నిద్రపోతోంది. స్వరూప భుజాన తువ్వాలు వేసుకుని, "నేను తలకు పోసుకొని వస్త. లేస్తె ఎత్తుకో. ఇయ్యాల ఆఖరు, యాదుంది గద?" అని స్నానానికి వెళ్లింది.

దేవుడే దారి చూపించాడనుకున్నాను. బావి పక్కన విడిచిన బట్టల మూట ఉంది. అందులో నేనే కిందటేడు స్వరూపకు ఏరి కోరి కొనిపెట్టిన చిలకపచ్చ చీర కనిపించింది. పొరపాటుకు తావే లేదు. తీసుకొచ్చి ముసుగేసుకుని, మీసం దాకా కప్పుకుని, కొట్టంలో గోడవైపు తిరిగి కూర్చున్నాను. పాప కదిలింది. ఎత్తుకున్నాను. పెదవి విరిచింది. నేను ఊపిరి బిగబట్టాను. పాప ముక్కు చీరలో రుద్దుకుంది, ఒకసారి నిట్టూర్చింది, నా గుండె మీద తల పెట్టేసింది.

నవ్వుల కథలో ఈ మాట ఇముడుతుందో లేదో కానీ చెప్పేస్తాను. నాకు ఏడుపొచ్చింది. ఆరు నెలల్లో నా బిడ్డ బరువు నాకు తెలిసింది అప్పుడే. ఫోన్ చూశాను. మూడు నిమిషాలు. నాలుగు. ఐదు.

ఆరో నిమిషంలో వెనక నులకమంచం కిర్రుమంది. ఎండలోంచి వచ్చి మామ కూలబడ్డాడు.

"ఏమే, అల్లుడొచ్చిండా?"

నోరు తెరిస్తే పాప లేస్తుంది. పాప లేస్తే ఏడాది. గొంతు సన్నం చేసి, "ఊఁ" అన్నాను.

"యాడున్నడు? ముంగట కూసొని పుస్తకం సదువుతున్నడా? పాపం పిచ్చోడు. మనసు మంచిదే గని, పసిపిల్లను పట్టుకొని సర్కసు చేస్తుండు. ఒకనాడు గుడ్లురుముతడు, ఒకనాడు గిలక తెస్తడు. పిల్ల మీదికి ఊకె పోతే పిల్లొస్తదా?"

"ఊఁహుఁ," అన్నాను. మనసులో నాకూ అదే అనిపిస్తోంది.

మామ మంచం మీద ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు. "నీకు ఇన్నేండ్ల సంది ఒకటి చెప్పలేదే మల్లి. మన స్వరూప పుట్టినప్పుడు నేను మందను తోలుకొని కృష్ణ అవతలికి పోయిన గద. ఆరు నెలలకు ఇంటికొచ్చి ఎత్తుకుంటే, నన్ను సూసి జడుసుకొని ఒర్రింది. పదిహేను దినాలు గంతే. నువ్వేమో నవ్వినవ్. నేను నవ్వలే. దొడ్లకు పోయి, గొర్రె మెడ పట్టుకొని ఏడ్చిన. ఎవ్వలకు తెల్వదు. ఇగ ఎత్తుకునుడే బంద్ చేసిన. దాని పక్కకు పోయి కూసొని నా పని నేను చేసుకునేది. అప్పుడు అదే వచ్చింది."

ఇంతకంటే పెద్ద ఇరకాటం ఇంకేముంటుంది? ఆయన భార్యకు కూడా చెప్పని రహస్యం, ఆయన భార్య అనుకుని నాకు చెప్పాడు. ముసుగు తీయలేను, ఉంచలేను. ఇదే చాలదన్నట్టు మామ ఒక కాలు నా భుజం పక్కకు చాపాడు.

"జర కాలు పిసుకే, గుంజుతున్నది."

ఏం చేయమంటారు? ఒక చేత్తో కూతురును పట్టుకుని, ఇంకో చేత్తో మామ కాలు పిసికాను. కాస్త పిసికించుకున్నాక మామకు అనుమానం వచ్చింది.

"ఏందే, చెయ్యి గింత మెత్తగైంది? పనిజేస్తలేవా ఏంది?"

సరిగ్గా అప్పుడే అసలు మల్లమ్మ తోటకూర కట్టతో కొట్టంలోకి వచ్చింది. మొగుణ్ని చూసింది. మొగుడి కాలు పిసుకుతున్న ఆడమనిషిని చూసింది. ఆడమనిషి మీదున్న చీరను చూసింది.

"ఓ నీ మొకం మండ! ఎవతే అది? నా చీర గట్టుకొని నా మొగని కాళ్లు పిసుకుతున్నది!"

తోటకూర నా వీపు మీద పడింది. మామ ఉలిక్కిపడి లేచాడు. అత్త ముసుగు పట్టుకుని ఒక్క లాగు లాగింది. లోపల్నుంచి నా మీసం బయటపడింది. తల తుడుచుకుంటూ ఉరికొచ్చిన స్వరూప గుమ్మంలో కొయ్యబారిపోయింది.

"నీ చీర అనుకున్న," అన్నాను స్వరూపతో. అంత గందరగోళంలో నాకు దొరికిన మాట అదొక్కటే.

"నాకు ఆ రంగు నచ్చలే. చెప్తె బాధపడ్తవని అమ్మకిచ్చిన," అంది స్వరూప.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. అత్త చీర అల్లుడు ముసుగేసుకున్నది మాత్రం మా ఇంట్లోనే. పాప రోజూ పడుకునేది అమ్మమ్మ పక్కలోనట. జువాలజీ నెగ్గింది, నేనే ఓడిపోయాను. ముసుగు పోయాక పాప నా ముఖం చూసింది. సైరన్ మోగింది.

"పద్దెనిమిది నిమిషాలు ఉన్నది," అని ఫోన్ చూపించాను దీనంగా.

"అమ్మ చీరల ఉన్నది లెక్కకు రాదు," అంది స్వరూప నవ్వు ఆపుకోలేక. "పరీక్ష పోయినట్టే. పిల్ల గీడనే ఉంటది."

"లెక్కకొస్తది!"

అందరం మామ వైపు తిరిగాం. ఆయన ముఖం కందిపోయింది. నా వైపు ఒక్క చూపు చూశాడు. గొర్రె మెడ ముచ్చట నేను బయటపెడతానేమోనన్న భయం ఆ చూపులో స్పష్టంగా కనిపించింది.

"అల్లుడు మంచోడు. పిల్లను గీడ పెట్టుకునేది లేదు. సూర్యాపేటకు తోలుతున్నం, గంతే," అన్నాడు. ఆ ఇంట్లో మామ గొంతు పెంచడం అదే మొదటిసారని తర్వాత స్వరూప చెప్పింది. ఎందుకు పెంచాడో ఆమెకు ఇప్పటికీ అర్థం కాలేదు.

భోజనాలయ్యాక మామ నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాడు. పాపను నా వెనక బోర్లా పడుకోబెట్టాడు. "అటు సూడు. పిల్ల దిక్కు సూడకు," అని, నా చేతికి తోటకూర కట్ట ఇచ్చి గిల్లమన్నాడు. గిల్లాను. సగం కట్ట అయ్యేసరికి వెనక నా చొక్కాను ఎవరో పట్టుకున్నారు. తిరిగి చూడలేదు. మామ మాత్రం చూస్తూ, నోటి మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసింది. చొంగో, ఇంకేదో. ఏదైనా నాకు సమ్మతమే.

మరుసటి వారం ముగ్గురం సూర్యాపేట వచ్చేశాం. బయల్దేరేటప్పుడు మామ నన్ను పక్కకు పిలిచి, "అల్లుడా, గా ముచ్చట," అన్నాడు.

"ఏ ముచ్చట మామా? నాకేం వినపడలే. చీర చెవుల మీద ఉండె," అన్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, నా బీరువాల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఈ జన్మలో అత్తారింటి విడిచిన బట్టల మూట జోలికి పోను. ముసుగులో ఉండగా ఎవరి కష్టసుఖాలూ వినను. మామకిచ్చిన మాట ప్రకారం ఆ గొర్రె మెడ సంగతి నా నోటితో ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. రాయనని మాత్రం మాట ఇవ్వలేదు. మీలో ఎవరైనా గరిడేపల్లి వైపు వెళితే దయచేసి మా మల్లమ్మత్తకు దీన్ని చదివి వినిపించకండి.