మా చెల్లెలికి నేర్పిన ఇరవై ప్రశ్నలు

మా చెల్లెలికి ఏడేళ్ళు వచ్చినా ‘అమ్మా, ఆకలేస్తోంది’ అనడం రాలేదు. బైబిలు వాక్యాలు మాత్రం వచ్చు. సండే స్కూల్లో మిగతా పిల్లలు నెల రోజులు కుస్తీపట్టే పొడవాటి కీర్తనని రెండుసార్లు వింటే చాలు, మూడోసారి తనే చెప్పేది. మా నాన్న ఆదివారం చర్చిలో చదివిన భాగాన్ని సోమవారం పొద్దున పెరట్లో నిలబడి ఆయన గొంతుతోనే అప్పజెప్పేది, మధ్యలో ఆయన దగ్గిన దగ్గుతో సహా.

మాది గూడూరు దగ్గరి కోట ఊరికి తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. నాన్న అక్కడ మిషన్ బడిలో అయ్యవారు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన రెండు మూడేళ్ళ నాటి సంగతి ఇది. నాకప్పుడు పదకొండేళ్ళు. చెల్లెలు వాక్యం చెబుతుంటే చర్చిలో ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకునేవారు. పాస్టరుగారు ఈ బిడ్డ మీద దేవుని చెయ్యి ఉందని చెప్పి క్రిస్మస్ నాడు బల్ల ఎక్కించి నిలబెట్టేవారు. బల్ల దిగగానే ఎవరైనా ముద్దుగా బుగ్గ నిమరబోతే కొరికేది. నోట్లో వేలు పెడితే కొరకలేదు అని అమాయకుల్ని అంటుంటారు కదా, మా చెల్లెలు వేలు పెట్టకపోయినా కొరికేది. అందులో మాత్రం ఎవరికీ దేవుని చెయ్యి కనబడేది కాదు.

పిలిస్తే పలికేది కాదు. చెవుడేమోనని నాన్న ఒకసారి వెనక నిలబడి ఇత్తడి చెంబు మీద గరిటెతో కొట్టాడు. వీధిలో పడుకున్న కుక్క లేచింది గాని చెల్లెలు కదల్లేదు. ఆ మధ్యాహ్నమే అమ్మ వంటింట్లో బెల్లం డబ్బా మూత తీస్తే పెరటి చివరి నుంచి పరిగెత్తుకొచ్చింది. చెవుడు సంగతి అంతటితో తేలిపోయింది. మిగతాది తేలలేదు.

ఆ వేసవిలో ఒకరోజు చెల్లెలు కాలవ దాకా ఒక్కతే నడిచిపోయి, కట్టేసి ఉన్న పడవలో ఎక్కి కూర్చుంది. చేపలు పట్టేవాళ్ళు చూసి ఇంటికి తెచ్చి దించారు. తెచ్చినామె అమ్మతో, "అక్కా, ఈ బిడ్డని పేరడిగితే పాట పాడతా ఉండాది. ఎవురి బిడ్డో తెలవక ఊరంతా తిరిగినాం" అంది. అమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చి పంపింది. మద్రాసులో మనసు జబ్బుల డాక్టరుకి చూపించమని మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ ఆరు నెలలుగా నాన్న పుస్తకంలో ఉండిపోయింది. ఆ సాయంత్రం నాన్న దాన్ని బయటికి తీశాడు.

మనసు డాక్టరంటే మా ఊళ్ళో ఒకటే అర్థం, పిచ్చాసుపత్రి. మా సంఘంలో ఒకామెను కొన్నేళ్ళ కిందట అలాగే చూపించడానికి మద్రాసు తీసుకెళ్ళారు. డాక్టర్లు ఉంచి వెళ్ళమన్నారు, ఇంటివాళ్ళు ఉంచి వచ్చారు. ఆమె మళ్ళీ రాలేదు. ఆమె పిల్లలు మా బడిలోనే చదివేవారు. అమ్మ భయమంతా అదే. చెల్లెలు సరిగ్గా జవాబు చెప్పకపోతే వాళ్ళు ఉంచేసుకుంటారు. నాన్న డాక్టరు మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఈ రెండూ అమ్మకు బాగా తెలుసు.

మద్రాసు ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఆయాగా చేసి తిరిగొచ్చిన అక్క ఒకామె మా వీధిలో ఉండేది. అమ్మ ఆమె దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది.

"పేరడగతారు, వయసడగతారు" అందామె. "చేతికెన్ని వేళ్ళు, ఆవు ఏమిస్తాది, ఏనుగు పెద్దదా మేక పెద్దదా, అట్టాంటివే. అయ్యి చెప్పేస్తే బిడ్డ బాగుండాదని పంపించేస్తారు."

అమ్మ అవన్నీ నా చేత నోటుబుక్కులో రాయించింది. ఇరవై వచ్చాయి. దారిలో, "నాన్నకు చెప్పబాక" అంది.

మేము ఏది నేర్చుకున్నా నేర్చుకునే పద్ధతి ఒకటే. సండే స్కూల్లో ప్రశ్నోత్తరాలు అప్పజెప్పేటప్పుడు ప్రశ్నా మేమే చెప్పాలి, జవాబూ మేమే చెప్పాలి. ‘నిన్ను చేసినవాడెవడు? దేవుడు నన్ను చేసెను’ అని మొదలుపెట్టి, ఊగుతూ, గుక్క తిప్పుకోకుండా చివరిదాకా పోవాలి. మధ్యలో ఆగితే టీచరమ్మ మళ్ళీ మొదటినుంచీ చెప్పించేది. అలా చెప్పి నేను రెండేళ్ళు వరసగా బహుమతి తెచ్చుకున్నాను. చెల్లెలికీ అలాగే నేర్పాను. ఇంకో విధంగా నేర్పవచ్చని నాకూ తోచలేదు, అమ్మకూ తోచలేదు. ఊళ్ళో ఎవరినడిగినా అలాగే నేర్పమని ఉండేవారు.

నాలుగు రోజుల్లో చెల్లెలికి ఇరవై వచ్చేశాయి. తర్వాతి పది రోజులు మా తృప్తి కోసం చెప్పించుకున్నాం. నాన్న బడికి వెళ్ళగానే మొదలుపెట్టేవాళ్ళం. అమ్మ పిండి రుబ్బుతూ వినేది, ఇరవయ్యో జవాబు రాగానే లేచి చెల్లెలి నోట్లో బెల్లం ముక్క పెట్టేది. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. నేను టీచరమ్మనవుతానని అప్పుడే నిశ్చయించుకున్నాను. అయ్యాను కూడా, ఆ ఊగే పద్ధతి మాత్రం నా బడిలో ఎన్నడూ రానివ్వలేదు.

గూడూరు దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. రైలు చప్పుడుకు చెల్లెలు చెవులు మూసుకుని నా ఒళ్ళో ముఖం దాచుకుంది. తడ దాటాక స్టేషను బోర్డుల మీద అక్షరాలు అరవంలోకి మారాయి. అమ్మ నా వైపు చూసింది, ఇంకోసారి చెప్పించమన్నట్టు. నాన్న పక్కనే ఉన్నాడు, ఎలా చెప్పించను?

డాక్టరు నడివయసు మనిషి. అరవ యాసలో తెలుగు మాట్లాడాడు. గదిలో నేల మీద చాప పరిచి కొన్ని చెక్క దిమ్మెలు పోసి ఉన్నాయి. చెల్లెలు నా గౌను వదలకపోవడంతో నన్ను కూడా లోపలికి రానిచ్చారు.

"నీ పేరేమమ్మా?" అన్నాడు డాక్టరు.

చెల్లెలు కిటికీ వైపు చూస్తూ ఊగడం మొదలుపెట్టింది. నీ పేరేంది అని తనే అడిగి, తన పేరు తనే చెప్పింది. ఆగలేదు. "నీకెన్నేళ్ళు? నాకు ఏడేళ్ళు. చేతికెన్ని వేళ్ళు? చేతికి అయిదు వేళ్ళు. ఆవు ఏమిస్తాది? ఆవు పాలిస్తాది." ప్రశ్నలన్నీ నా గొంతుతోనే, నేను కళ్ళురిమి అడిగే తీరులోనే. డాక్టరు ఆపబోయాడు. ఆపితే మళ్ళీ మొదటికి వెళ్ళింది. మధ్యలో ఒకచోట "సరిగ్గా నిలబడు, అమ్మ చూస్తా ఉండాది" అని కూడా అంది. అది నేను పెట్టిన చీవాట్లలోది. ఇరవయ్యో జవాబు అయ్యాక బెల్లం కోసం నోరు తెరిచి నిలబడింది.

నాన్న తల దించుకున్నాడు. నాకు ఆ గదిలోంచి పారిపోవాలనిపించింది. చెల్లెల్ని నేనే చేజేతులా ఇక్కడ వదిలేయించాననుకున్నాను.

డాక్టరు నవ్వలేదు, కోప్పడలేదు. నన్ను చూసి, "నువ్వా నేర్పినావు?" అన్నాడు.

అవునన్నాను.

"బాగానే నేర్పినావు. ఇప్పుడు గమ్మున కూర్చో. ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగొద్దు."

చెల్లెలు చాప మీద కూర్చుని దిమ్మెల్ని పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా పేర్చింది, చెరిపింది, మళ్ళీ పేర్చింది. డాక్టరు బల్ల మీద ఒక డబ్బా ఉంది. అది అందకపోతే, ఆయన ముఖం కూడా చూడకుండా ఆయన మణికట్టు పట్టుకుని, ఆ చేతిని డబ్బా మీద పెట్టింది. అట్లకాడ వాడినట్టు వాడింది ఆయన చేతిని.

"ఇంట్లోనూ ఇంతేనా?" అన్నాడాయన.

"అంతే సార్. ఏం కావాలన్నా మా చేతుల్తోనే తీసుకుంటాది" అన్నాను.

అప్పుడు మా అందరినీ అడగడం మొదలుపెట్టాడు. ఎప్పుడు నడిచింది, ఏం తింటుంది, ఏం తినదు, దేనికి నవ్వుతుంది, ఇంట్లో ఒకరు లేకపోతే వెతుక్కుంటుందా. ఏడేళ్ళలో ఇలాంటివి మమ్మల్ని అడిగినవారు లేరు. అమ్మ మొదట ఆచితూచి చెప్పింది. పోను పోను కొరకడం, పడవలో కూర్చోవడం, పిలిస్తే పలక్కపోవడం, ఏదీ దాచకుండా చెప్పేసింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది.

"ఇది పిచ్చి కాదు" అన్నాడు డాక్టరు. "తెలివి లేక కూడా కాదు. దీన్ని గురించి ఇప్పుడిప్పుడే రాస్తా ఉండారు." కాగితం మీద ఒక ఇంగ్లీషు మాట రాశాడు. నాన్న మందేమిటని అడిగాడు. లేదన్నాడు. మాటలు ఎప్పుడొస్తాయని అడిగాడు. చెప్పలేనన్నాడు.

అమ్మ ఒకటే అడిగింది. "బిడ్డని ఈడ వదిలిపెట్టి పోవాల్నా?"

"ఎందుకమ్మా? ఈ పిల్లకి ఏం కావాలో ఇక్కడ ఎవరికి తెలుసు? ఇంటికి తీసకపోండి."

అమ్మ దండం కూడా పెట్టలేదు. ఏడేళ్ళ పిల్లను చంకకెత్తుకుని బయటికి నడిచేసింది. కాగితం నాన్న తీసుకున్నాడు. తర్వాత ఆ మాటని బడి డిక్షనరీలో వెతికితే దొరకలేదు. ముప్పై ఏళ్ళు గడిచాక ఒక పత్రికలో తెలుగు అక్షరాల్లో చూశాను, ఆటిజం అని.

ఆ సాయంత్రమే రైలెక్కాం. కాస్త దూరం వచ్చాక చెల్లెలు గౌను తడుపుకుంది. ఇంకో గౌను తీద్దామని నేను సంచి ముడి విప్పాను. "ఉండు, నేను తీస్తా" అని అమ్మ చెయ్యి చాపింది గాని అప్పటికే నాకు కనిపించింది. మేము ఒక్క రాత్రి ఉండేందుకని బయల్దేరినవాళ్ళం. నాది ఒకటే గౌను ఉంది. చెల్లెలివి ఇంట్లో ఉన్న అయిదు గౌన్లూ ఉన్నాయి. చలికాలపు చొక్కా ఉంది. దుప్పటి ఉంది. పెద్ద బెల్లం పొట్లం ఉంది. అంచు వంగిన సత్తు పళ్ళెం ఉంది, చెల్లెలు అందులో పెడితేనే అన్నం తినేది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై ప్రశ్నలూ నా చేత నేర్పించిన మనిషి, చెల్లెల్ని వదిలి రావడానికి కూడా మూట కట్టుకుని వచ్చింది.

"వదిలిపెట్టేదానికే తెచ్చినావా ఇయ్యన్నీ?" అన్నాను, నాన్నకు వినబడేటట్టే.

అమ్మ చెల్లెలికి గౌను మార్చి గుండీలు పెట్టింది. "వాళ్ళు ఉంచమంటే నేనేం చేసేదే" అంది. "ఈ పళ్ళెంలో పెడితేనే తింటాదని ఆడ ఎవురికి తెలస్తాది? చెప్పలేని బిడ్డ. పస్తుంటాది గదా."

నాన్న కిటికీ వైపు తిరిగిపోయాడు. నాకు అమ్మ మీద కోపం పోలేదు, కానీ ఆ కోపంతోనే ఆమె ఒళ్ళో పడి ఏడవాలనిపించింది. ఇంతలో చెల్లెలు సంచిలోంచి పళ్ళెం లాక్కుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాతి స్టేషనులో నాన్న దిగి ఇడ్లీ పొట్లం తెచ్చాడు. నేను పొట్లం చెల్లెలికి అందకుండా ఎత్తి పట్టుకుని, "ఇడ్లీ అను" అన్నాను.

"ఈ పూటకి ఏమీ అడగబాక అమ్మీ" అంది అమ్మ. "తిననీ."

పొట్లం విప్పి పళ్ళెంలో పెట్టాను.