వీపుసంచితో సమ్మయ్య ఊరికి

పెద్దవాళ్లు వీపుకు సంచి తగిలించుకుని తిరగవచ్చా, కూడదా అని ఎవరైనా వాదించుకుంటుంటే నేను అక్కడ నిలబడను. చెప్పులు వేసుకుని బయటికి నడుస్తాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక కాదు. జవాబు చెప్పాలంటే నేనెంత వెర్రివాణ్ణో ముందు చెప్పాల్సి వస్తుంది. పరువు కోసం ఇన్నాళ్లూ దాచాను. ఇప్పుడు పరువు మీద పెద్ద ఆశలేమీ లేవు గనక చెబుతున్నాను. ఇందులో ఒక ఊరు ఊరంతా వణికిపోతుంది, ఒక కోడి చచ్చిపోతుంది, ఒక తల్లి కొంగు బిగించి ఇల్లు వదిలి బయల్దేరుతుంది. మూడింటికీ కారణం నేనూ, నా వీపూ.

ఎనభైలలో నేను మస్కట్‌లో ఒక కట్టడాల కంపెనీలో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. సొంతూరు కారేపల్లి దగ్గర. ముప్పై దాటాయి. మీసం ఒత్తుగా, బుద్ధి పలుచగా ఉన్న రోజులు. మా ఆఫీసు నుంచి స్వదేశానికి వెళ్లిపోతూ ఒక తెల్ల ఇంజనీరు తన వీపుసంచి నాకిచ్చి వెళ్లాడు. ముదురాకుపచ్చ కాన్వాసు, తోలు పట్టీలు, ఎటు చూసినా జేబులు. ఆ జేబుల్లో ఏం పెట్టుకోవాలో తెలియక ఒకదాంట్లో దువ్వెన, ఇంకోదాంట్లో ఇంకో దువ్వెన పెట్టుకున్నాను.

ఆ నగరంలో ఆఫీసుకు వెళ్లే ప్రతివాడి చేతిలోనూ బ్రీఫ్‌కేసు ఉండేది. లోపల అన్నం డబ్బా తప్ప ఇంకేమీ లేకపోయినా సరే, బ్రీఫ్‌కేసే. వాళ్ల మధ్య నేను వీపు మీద సంచితో, రెండు చేతులూ ఊపుకుంటూ నడిచేవాణ్ణి. దుకాణాల వాళ్లు సంచి బయట పెట్టి రమ్మనేవారు. నేను దాన్ని గౌరవంగా భావించేవాణ్ణి.

దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు సమ్మయ్య ఒక్కడే. మా గదిలోనే ఉండేవాడు. వెల్డరు. మణుగూరు దాటాక అడవిలో ఉన్న ఒక చిన్న ఊరు అతనిది. నాకన్నా చిన్నవాడు, నన్ను ‘అన్నా’ అని పిలిచేవాడు.

“అన్నా, గిదేం పద్ధతే? చేతిల పట్టుకోరాదు?”

“వీపుకు తగిలించుకుంటే రెండు చేతులు ఖాళీగ ఉంటయి సమ్మయ్యా.”

“ఖాళీ చేతులతోని ఏం జేస్తవు? నువ్వేమన్న వెల్డింగు జేసేది ఉన్నదా తొవ్వల? ఇను. పిల్లగాడు ఏసుకుంటే బడికి పోతున్నడంటరు. సిపాయి ఏసుకుంటే యుద్ధానికి పోతున్నడంటరు. ఇంత మనిషివి నువ్వేసుకుంటే యాడికి పోతున్నవంటరు?”

“ఆఫీసుకు!”

“అట్ల ఎవ్వలనుకోరన్నా,” అన్నాడు సమ్మయ్య చాలా విచారంగా.

ఒక వేసవిలో నాకు సెలవు దొరికింది. అతనికి దొరకలేదు. వాళ్లమ్మకు ఇవ్వమని ఒక దుప్పటి, పాలపొడి డబ్బా, చిన్న టేప్ రికార్డరు, అందులో తన గొంతుతో నింపిన క్యాసెట్టూ నాకప్పగించాడు. అప్పట్లో చదువురాని ఇళ్లకు ఉత్తరాలంటే క్యాసెట్లే.

“అన్నా, మా ఊరికి మాత్రం ఆ సంచి వీపుకు ఏసుకొని పోకు. నీ దండం పెడ్త.”

“ఏం? మీ ఊరోళ్లు నవ్వుతరా?”

“నవ్వితే మంచిదే. మా దిక్కు సంగతి…” అని ఇంకేదో చెప్పబోతుంటే సైటు బస్సు హారను కొట్టింది. అతను పరుగెత్తాడు. ఆ సంచి తనకు లేదన్న కుళ్లుతో అంటున్నాడని నేను నిర్ధారణ చేసుకున్నాను. ఆరేళ్లుగా నేను దేశంలో లేను. ఇంటి నుంచి వచ్చే ఉత్తరాల్లో వానలు, పెళ్లిళ్లు, బర్రె ఈనడం తప్ప వేరే కబురుండేది కాదు. అడవి అంచున కాలం ఎలా మారిందో నాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన అంతకన్నా లేదు.

వారం తర్వాత దేశం చేరి, ఇంట్లో పెట్టె పడేసి సమ్మయ్య ఊరికి బయల్దేరాను. సెలవు కదా అని గడ్డం గీసుకోవడం మానేశాను. కాళ్లకు సైటులో వేసుకునే బరువైన బూట్లు. ఒంటి మీద మట్టిరంగు ప్యాంటూ చొక్కా. వీపు మీద ఆ సంచి. ఈ వేషం మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. మణుగూరులో ఎక్కిన బస్సులో నా పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది. నిలబడ్డవాళ్లు నిలబడే ఉన్నారు గానీ ఎవరూ కూర్చోలేదు. కండక్టరు నా దగ్గరికి రాలేదు. నేనే పిలిచి టికెట్టు అడిగితే రెండు చేతులతో ఇచ్చాడు. ఆరేళ్లలో మనవాళ్లలో మర్యాద ఎంత పెరిగిందో అనుకున్నాను.

బస్సు దిగి అడవి దారిలో గంట నడిస్తే ఊరొచ్చింది. పాతిక ఇళ్లుంటాయి. బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. వాకిళ్ల ముందు ఆకు కట్టలు ఆరబోసి ఉన్నాయి. కట్టలు కడుతున్న ఆడవాళ్లు నన్ను చూసి లేచారు. ఒక ముసలాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, చేతులు జోడించి ఎదురొచ్చాడు. ఊరి పెద్దట, కన్నయ్య. నులక మంచం వాల్చారు. చెంబుతో నీళ్లిచ్చారు.

“దూరంకెల్లి వచ్చిండ్రా?” అన్నాడు కన్నయ్య.

“చానా దూరంకెల్లి.”

“మీరు… అన్నలేనా?”

సమ్మయ్య నా గురించి కబురు చేసి ఉంటాడనుకున్నాను. “అవ్, అన్ననే,” అన్నాను చిరునవ్వుతో.

“ఒక్కలే వచ్చిండ్రా? తక్కినోళ్లేరి?”

“వాళ్లకు సెలవు దొరకలే. ఆడనే ఉన్నరు.”

కన్నయ్య అడవి వైపు చూశాడు. మర్యాదకు నేనూ అటే చూశాను.

“ఎంతమంది ఉంటరు?”

“మా జట్టు ఎనిమిది మందిమి. ఒక్కతాన్నే వండుకుంటం, ఒక్కతాన్నే పండుకుంటం.”

“ఇంటిమీద పావురం, ప్రేమ ఉండదా అయ్యా?”

“ఉండక? గని ఒకపారి పోయినంక మధ్యల ఇడిసిపెట్టి వస్తమంటే పైవాళ్లు ఊకుంటరా?”

కన్నయ్య నిట్టూర్చాడు. నాకు ముచ్చటేసింది. పరాయి దేశంలో మా కష్టాన్ని ఇంత లోతుగా అర్థం చేసుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఇంతలో ఎవరో వెనక నుంచి, “కాంట్రాక్టర్లతోని ఆకు రేటు సంగతి ఏమన్న అనుకున్నరా?” అని అడిగారు. తునికాకు గురించి నాకేమీ తెలియదు. తెలియదని ఒప్పుకునే వయసు కాదు. “పెంచాలె. మీ కష్టానికి తగ్గట్టు ఇయ్యాలె. ఇయ్యకుంటే ఊకునుడు మంచిది గాదు,” అన్నాను. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంటి వెనక కోడి ఒకటి పెద్దగా అరిచి, ఆగిపోయింది.

అప్పుడు నేను వచ్చిన పని ఎత్తాను.

“సమ్మయ్య తల్లి బుచ్చమ్మ ఎవరు? ఆమెతోని పనుండి వచ్చిన.”

జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఒక సన్నటి ముసలమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది. చేతులకు తునికాకు జిగురు. నా ముఖం వైపు చూడలేదు. నా బూట్లనే చూస్తోంది.

“నా కొడుకు ఏం తప్పు జేసిండు బిడ్డా?”

“తప్పేం లేదవ్వా! రంది పెట్టుకోకు. సమ్మయ్య మాతోనే ఉన్నడు. నా పక్కన్నే పండుకుంటడు.”

“మీతోనా?” అంది.

కన్నయ్య కలగజేసుకున్నాడు. “దుబాయికి పోయిండని అనుకుంటున్నం గదయ్యా.”

మా దిక్కు జనం గల్ఫులో ఏ దేశం పోయినా దుబాయి అనే అంటారు. డ్రాఫ్ట్స్‌మన్‌ని కదా, నాకు కొలత తప్పితే ఒళ్లు మండుతుంది. “దుబాయి ఏంది? దుబాయి కానే కాదు! ఉత్తగ అందరూ అట్ల చెప్పుకుంటరు,” అని గట్టిగా ఖండించాను. అంతటితో ఆగానా? ఆ తల్లి సంతోషిస్తుందని కొడుకును పొగడడం మొదలుపెట్టాను. “మంచి పనిమంతుడైండవ్వా. ఇనుము పనిల ఆయన్ని మించినోడు లేడు. నిప్పురవ్వల నడుమ కూసుంటడు. భయమన్నదే లేదు.”

బుచ్చమ్మ గుడిసెలోకి వెళ్లింది. టీ పెట్టడానికనుకున్నాను. చిన్న బట్టల మూటతో తిరిగొచ్చింది. చీర కొంగు నడుముకు బిగించి కట్టింది. ఈసారి నా కళ్లలోకి సూటిగా చూసింది.

“నడువు బిడ్డా.”

“యాడికవ్వా?”

“మీరుండేకాడికి. వాన్ని ఇంటికి తోలున్రి. వాని బదులు నేనొస్త. వండిపెడ్త, నీళ్లు మోస్త, మూటలు మోస్త. ముసల్దాన్ని, నాకేమైతేంది? వానికి ఇంక పెండ్లి గూడ గాలే.”

కొడుకు మీద ఎంత ప్రేమ! ఆమెను ఎలాగైనా సముదాయించాలని, ఎంతో మృదువుగా, “వీసా లేకుంట నువ్వెట్ల వస్తవవ్వా?” అన్నాను.

కన్నయ్య అడిగాడు.

“వీసా అంటే ఏందయ్యా?”

“మస్కట్ రావాలంటే వీసా ఉండాలె గద?”

“మస్కటా?” అతను వచ్చి మంచం ముందు గొంతుక్కూర్చున్నాడు. “బిడ్డా, నువ్వు అన్నవు కాదా?”

“సమ్మయ్యకు అన్న లెక్కనే…”

“ఆ అన్న గాదు. అడవిల తిరిగే అన్నవు. తుపాకులోళ్లు. దళం.”

ఒక్కొక్క మాటా వెనక్కి తిరిగి వచ్చి నన్ను తన్నడం మొదలుపెట్టింది. సెలవు దొరకలే. పైవాళ్లు ఊకుంటరా. ఆకు రేటు. దుబాయి కానే కాదు. బుచ్చమ్మ ఇంకా మూట పట్టుకుని నిలబడే ఉంది. నేను లేచి ఆమె కాళ్లు పట్టుకోబోయాను. బూట్లు చూసి ఆమె వెనక్కి జరిగింది.

రుజువు చూపించాలని సంచి విప్పాను. జనం నాలుగడుగులు వెనక్కి తగ్గారు. గుండ్రటి పాలపొడి డబ్బా బయటికి తీశానో లేదో, వాకిట్లో నేనూ కన్నయ్యా బుచ్చమ్మా తప్ప ఇంకెవరూ లేరు. “పాలపొడి! పాలపొడి!” అని అరిచి, మూత తీసి, ఒక చెంచాడు నా నోట్లో పోసుకున్నాను. అది గొంతుకు అడ్డం పడి తెల్లగా దగ్గాను. అలా దగ్గేవాడు దళంలో ఉండడని కన్నయ్యకు నమ్మకం కుదిరినట్టుంది. జనాన్ని వెనక్కి పిలిచాడు.

టేప్ రికార్డరు మంచం మీద పెట్టి మీట నొక్కాను. “అవ్వా…” అన్నాడు సమ్మయ్య. బుచ్చమ్మ చేతిలో మూట జారిపోయింది. ఆ పెట్టె ముందు నేల మీద కూర్చుని దాని మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత అతను తెలుగు వదిలి తమ గూడెం భాషలో మాట్లాడాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఉన్నట్టుండి ఊరంతా తలలు తిప్పి నా వైపు చూసింది. మరుక్షణం నవ్వులు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బుచ్చమ్మ ఏడుస్తూనే నవ్వింది.

“ఏమంటున్నడు?” అన్నాను.

కన్నయ్య కళ్లు తుడుచుకుని చెప్పాడు. “ఇది తెచ్చినాయన మంచోడంటున్నడు. ఎంత చెప్పినా ఇనకుంట వీపుకు సంచి ఏసుకొనే వస్తడు, జూసి బెదరకున్రి అంటున్నడు. ఉత్త అమాయకుడు, కోడిని గూడ కొయ్యకున్రి అంటున్నడు.”

అప్పటికే కూర వాసన వస్తోంది.

అన్నం పెట్టారు. కన్నయ్య పక్కన కూర్చుని, నవ్వు ఆగిపోయాక మెల్లగా అన్నాడు: “నువ్వు నవ్వులాటకు ఏసుకుంటివి బిడ్డా. వాళ్లొస్తే మేం అన్నం పెట్టాలె. పెట్టినంక పోలీసులొచ్చి ఎందుకు పెట్టిండ్రంటరు. రేపు ఎవలన్న ఒచ్చి, నిన్న సంచేసుకొని వచ్చినోడెవడని అడిగితే, మస్కటాయన అంటే నమ్ముతరా?”

ఆరేళ్ల గొప్పలన్నీ ఆ మంచం మీదే వదిలేశాను. తిరిగి వెళ్లేటప్పుడు బుచ్చమ్మ నన్ను ఆ సంచిని చేతితో కూడా తాకనివ్వలేదు. దాన్ని మడిచి గోనెసంచిలో వేసి, పైన కొడుక్కి మామిడి తాండ్ర పెట్టి, మూతి కట్టి నా నెత్తికెత్తింది. అంతకుముందే బూట్లు విప్పించి అందులోనే వేయించింది. గంటసేపు వట్టి కాళ్లతో, నెత్తి మీద మూటతో కన్నయ్య పక్కన నడిచాను. రోడ్డు మీద పోలీసు జీపు ఒకటి మా పక్కన నెమ్మదించింది. లోపలివాళ్లు మమ్మల్ని చూశారు. జీపు ముందుకు పోయింది. కన్నయ్య నా భుజం పట్టుకుని ఉన్న చెయ్యి అప్పుడు వదిలాడు.

మస్కట్ వెళ్లి జరిగిందంతా సమ్మయ్యకు చెప్పాను. పాలపొడి దగ్గర మంచం మీద పడి దొర్లాడు. వీసా దగ్గర అతనికి ఊపిరాడలేదు. తర్వాత, వాళ్లమ్మ మూట కట్టుకుని వచ్చి ఏమన్నదో చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

“మా అవ్వ గట్లన్నదా? నా బదులు తనొస్తనన్నదా?”

“అన్నది సమ్మయ్యా. నా మొఖం మీదనే అన్నది.”

లేచి వెళ్లి నల్లా కింద తల పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నెల తిరగకుండానే ఫోర్‌మన్‌తో పోట్లాడి సెలవు తీసుకున్నాడు. అతను పెట్టె సర్దుకుంటుంటే నాకు మనసాగలేదు.

“సమ్మయ్యా, సెలవు దొరికితే వెనకనుంచి నేను గూడ రానా? సంచి తేను. ఒట్టు. బ్రీఫ్‌కేసు పట్టుకొనొస్త.”

సమ్మయ్య నా రెండు భుజాల మీదా చేతులు వేసి, చాలా ఆప్యాయంగా అన్నాడు: “అన్నా, సంచిని పంపు, ఏం గాదు. నువ్వు మాత్రం రాకు.”

అదీ నా జవాబు. పరాయి నగరంలో పెద్దవాళ్లు సంచి చేత పట్టుకున్నా, వీపుకు తగిలించుకున్నా, నెత్తికెత్తుకున్నా నాకే అభ్యంతరమూ లేదు. నా మట్టుకు నేను ఆనాడే ఒక ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఏ ఊరికి వెళ్లినా, నా పేరు, మా నాన్న పేరు, చేసే పని, వచ్చిన కారణం అందరికీ వినపడేలా గట్టిగా చెప్పిన తర్వాతే మంచినీళ్లు ముట్టుకుంటాను. తెలియని మాట అడిగితే తెలియదని చెబుతాను. ఎవరైనా అడవి వైపు చూస్తే, నేను నేల చూపులే చూస్తాను.