దొరసాని దోసకాయలు, తొమ్మిదో రోజు

1959 జూన్ 21, ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. కాగజ్‌నగర్‌లో మా క్వార్టర్ వెనుక పెరట్లో నేను పన్నెండు గింజలు నాటడం మొదలుపెట్టిన సమయం అది. (మా ఇంట్లో గడియారం లేదు. కాగితం మిల్లు ఏడింటి కూత విన్నాక ఆరు వందల దాకా లెక్కపెట్టాను.) ఆ రోజుల్లో తొక్కు, అంటే ఊరగాయ, మాకు ఎర్రగా ఉండాలి, నూనె తేలాలి, ముక్కు కారాలి. నీటి చుక్క పడితే చెడిపోతుందని, తడి చేతులతో జాడీ దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. అలాంటి ఇంట్లో, పద్నాలుగేళ్ల వయసులో, తొక్కును నీళ్లలోనే పెట్టాలని నాకు బుద్ధి పుట్టింది.

పుట్టించింది దొరసాని. కొత్త యంత్రం బిగించడానికి వేరే దేశం నుంచి వచ్చిన ఇంజనీరు భార్య. మా బాపు ఆ యంత్రం దగ్గర ఫిట్టరు. వాళ్ల దేశంలో వేలెడంత దోసకాయల్ని లేతగా కోసి, ఉప్పునీళ్లలో సోయికూర, ఎల్లిగడ్డలతో కలిపి పది రోజులు మూత తీయకుండా ఉంచుతారని వచ్చీరాని హిందీలో చెప్పింది. నురగ వస్తే భయపడొద్దు, ఊరుతున్నట్టు గుర్తు అంది. ఆమె పెరట్లో కోతులు ఏ తీగనూ బతకనివ్వవు. "ఆగస్టు 31న వెళ్లిపోతున్నాం, ఆలోగా ఒక్క జాడీ చేసిస్తావా?" అని గింజల పొట్లం చేతిలో పెట్టింది. ఇస్తానని మాటిచ్చాను. ఆమె మీద ఇష్టం కొంత ఉంది గాని, కారం లేని తొక్కు రుచి ఎలా ఉంటుందో తెలుసుకోవాలన్న ఆరాటమే ఎక్కువ.

పన్నెండింట్లో తొమ్మిది మొలిచాయి. రోజూ బడి స్కేలుతో తీగలు కొలిచి నోటుబుక్కులో రాసేదాన్ని. పిందెలు పడ్డాక మా బాపమ్మ, అంటే బాపు తల్లి, పెరట్లోకి వచ్చింది. మా ఇంట్లో ఏ తీగకైనా తొలికాయ వేములవాడ రాజన్నది. దానికి పసుపు దారం కట్టాక, పండేదాకా ఎవరూ ముట్టుకోకూడదు.

"ఒక్కదానికి కట్టు బాపమ్మా, చాలు" అన్నాను.

"తొమ్మిది తీగలున్నయి గదనే. ఎనిమిదింటికి దేవుడు లేడా?" అని తొమ్మిదింటికీ దారాలు కట్టింది. నేను మిగతా పిందెలు కోస్తుంటే గుండె మీద చెయ్యి వేసుకుంది. "గింతగింత పిల్లకాయలు! నీకు చేతులెట్ల వస్తున్నయే?"

కాయను పండనిస్తే తీగ ఇక తన పని అయిపోయిందనుకుంటుందని నాకు అప్పటికి తెలియదు. రాజన్న కాయలు గుమ్మడికాయల్లా పసుపుపచ్చగా లావెక్కాయి, తీగలు కాయడం మానేశాయి. నాకు దక్కినవి ముప్పై ఒకటి. ఆగస్టు 20, గురువారం, అవ్వ, అంటే మా అమ్మ, ఇచ్చిన జాడీలో వాటిని పేర్చి ఉప్పునీళ్లు పోశాను.

"తొక్కుల నీళ్లు పోసుడేందే?" అని అవ్వ నవ్వింది. "మీ బాపమ్మ సూస్తే నన్ను తిడతది."

ఐదో రోజు జాడీ చప్పుడు చేయడం మొదలుపెట్టింది. చెవి ఆనించి విన్నాను. అరవై లెక్కపెట్టేలోగా పదకొండు బుడగలు. ఆరో రోజు పద్నాలుగు. లోపల ఏం జరుగుతోందో చూడాలని ప్రాణం కొట్టుకుపోయేది. కాని పది రోజులంటే పది రోజులు. మూత మీద చెయ్యి వేసి, తీసేసుకునేదాన్ని.

తొమ్మిదో రోజు, శుక్రవారం, బడి నుంచి వచ్చేసరికి పెరట్లో చాప మీద నా దోసకాయలు ముక్కలై ఎండుతున్నాయి. పక్కన బాపమ్మ ఆవాలు నూరుతోంది.

"తొక్కు ఖరాబైంది బిడ్డా. మూత పక్కపొంటి నురగ కారుతుంది. జర ఆలస్యమైతే పురుగులు పడుతుండె. నేను సూసిన గాబట్టి బతికింది."

"నురగ రావాలె బాపమ్మా! దొరసాని చెప్పింది, నేను నీకు చెప్పలేదా?"

"ఆమెకేమెరుక, పొయ్యికాడ నిలబడ్డ మనిషా? గసొంటి తొక్కిస్తే మన ఇజ్జత్ ఏం గావాలె?"

నేను ఏడుస్తూ కూర్చున్నాను. ఆమె ఆ ముక్కలకు నూనె, కారం, ఆవపిండి సమానంగా కలిపి మళ్లీ జాడీలోకి ఎత్తింది. మాటిచ్చాను కాబట్టి సోమవారం ఉదయం రైలు స్టేషనుకు ఆ జాడీనే తీసుకెళ్లాం. దొరసాని ఆనందంగా మూత తీసి ఒక ముక్క నోట్లో వేసుకుంది. ముఖం ఎర్రబడింది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. కూజా నీళ్లు సగం తాగి, నా వైపు చూసి, ఇంకో ముక్క తీసుకుంది.

"సూసినవా?" బాపమ్మ నా భుజం తట్టింది. "రుచికి ఏడుస్తుంది పాపం. జన్మల తిని ఉండదు." దొరసాని నన్ను దగ్గరికి తీసుకుని, జాడీని ఒళ్లో పెట్టుకుని రైలెక్కింది.

ఆ మధ్య మా కోడలు బజారు నుంచి గెర్కిన్లని, వేలెడంత దోసకాయలు ఊరేసిన సీసా ఒకటి తెచ్చింది. తిన్నాను. తియ్యగా, పుల్లగా, వేరే ఏదో. నేను చెవి పెట్టి విన్నది అది కాదు. ఇప్పటికీ ఏదైనా పది నిమిషాలు ఉడకాలంటే తొమ్మిదో నిమిషానికే మూత తీసి చూస్తాను. కోడలు నవ్వుతుంది.

పోయినవి: గింజలు పన్నెండు (పండిన తొమ్మిది కాయలూ వేములవాడ చేరాయి, విత్తనానికి ఒక్కటీ మిగల్లేదు). అవ్వ జాడీ ఒకటి. ఉప్పునీళ్లు రెండు చెంబులు. ఊరిన దోసకాయలు ముప్పై ఒకటి. వాటి రుచి, ఒక్క రోజు తేడాతో.