ఒక మంచం, ఇద్దరు పగోళ్లు

ఆ రోజుల్లో పగ పట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు, పొలం గెట్టు జానెడు జరిగితే చాలు. శామీర్‌పేట దగ్గర మా ఊళ్లో మా ఇంటికీ బొంగురోడి ఇంటికీ (గొంతు అలాంటిది, ఊరంతా అలాగే పిలిచేది) ఆ గొడవే. మాటల్లేవు. మా ఖర్మకు మేడ్చల్ పటేలు ఇద్దరినీ తన ద్రాక్షతోటలో పిట్టలను తోలే పనికి పెట్టుకున్నాడు. తోటలో గుడిసె ఒకటి, నులక మంచం ఒకటి. మధ్యాహ్నం నడుం వాల్చాలంటే ఒకరు కింద పడుకోవాలి. కింద పడుకుంటే గెట్టు వదులుకున్నట్టేనని నా లెక్క, వాడి లెక్కా అదే. అందుకని చెరో అంచూ పట్టుకుని, వీపులు తిప్పుకుని పడుకునేవాళ్లం. నులక వదులు. కన్ను మూతపడగానే ఇద్దరం నడిమి గుంటలోకి దొర్లేవాళ్లం. "మీ నాయిన గెట్టు జరిపిండు, నువ్వు మంచం జరుపుతున్నవ్," అనేవాడు. మాటలు మొదలైంది అలాగే.

ఒకరోజు ఇద్దరం ఒళ్లు తెలియకుండా నిద్రపోయాం. చిలకలు రెండు వరుసల పండ్లు కొట్టేశాయి. పటేలు వచ్చి, ముందు పడుకున్నవాడెవడో చెప్పమన్నాడు, వాడికి ఇక పని లేదన్నాడు. ముందు పడుకున్నది నేనే. ఆ కూలి పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. బొంగురోడు నా వైపు చూశాడు. "వీనికి జరమొచ్చింది పటేలా, నేనే పండుమన్న," అన్నాడు. అదే ఊపులో నేను వాడికే జ్వరమన్నాను. పటేలు ఇద్దరి నుదుళ్లూ పట్టి చూసి, "పిట్టలకు గూడ అచ్చిందేమో సూడుర్రి," అని వెళ్లిపోయాడు.

కాపు ముగిసేదాకా జతగా ఉన్నాం. ఊరికొచ్చాక వాడు పలకరించాడు. మా అవ్వ గడపలో నిలబడి చూస్తోంది. నేను తల తిప్పుకున్నాను.

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాకే. మొన్న పట్నంలోని సుచిత్ర నుంచి వచ్చిన మనవరాలి తెలుగు పుస్తకంలో బెడ్‌ఫెలోస్ అనే ఇంగ్లీషు మాట కూడబలుక్కుని, అర్థమేమిటని అడిగాను. "ఒక్క మంచంల పండేటోళ్లు తాతా. ఎన్కట సత్రాలల్ల మంచాలు తక్కువుండేనంట, ఎరుకలేనోళ్లు గూడ ఒక్కదాంట్లనే పండేటోళ్లంట. గందుకే పడనోళ్లు అవసరానికి జతకడితే గిట్ల అంటరు," అంది. అవసరం తీరాక ఏమంటారని అడిగాను. పుస్తకంలో లేదంది.

పోయిన వారం మేడ్చల్ బస్టాపులో బొంగురోడు ఒక్కడే కూర్చుని కనిపించాడు. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చాడు. (ఆ గెట్టు ఇళ్ల ప్లాట్ల వెంచరు రోడ్డు కింద పడి ఏళ్లయింది.) మోకాళ్లు లాగుతున్నా నేను కూర్చోలేదు. బస్సు వచ్చేదాకా అక్కడున్న బోర్డులన్నీ చదువుతూ నిలబడ్డాను, చదువు వచ్చిందని వాడికి తెలియాలిగా. బస్సెక్కాక నా మొండితనానికి నాకే నవ్వొచ్చింది. చెబుదామంటే పక్క సీట్లో ఎవరూ లేరు.