అల్లుణ్ణి రావిర్యాలకు పంపిన సంగతి

మా ఇబ్రహీంపట్నం ఫుట్‌బాల్ క్లబ్బులో ఎవరూ పెట్టని నియమం ఒకటి ఉండేది. పెద్దవాడు తనంతట తాను జెర్సీ విప్పి ఇచ్చేదాకా అతని చోటును చిన్నవాడు అడగకూడదు. కెప్టెన్ కూడా అడగడు. అందరం ఒకరికొకరం అన్నలం, బావలం, మామలం. ‘ఇక నువ్వు కూసో’ అనడానికి ఎవరికీ నోరు రాదు. ఆ మర్యాద పుణ్యమా అని నలభై దాటినా నేనే లెఫ్ట్ బ్యాక్‌ని. మోకాళ్లు ఎప్పుడో చేతులెత్తేశాయి, నేనే ఒప్పుకోలేదు.

నా చోటు కోసం బెంచీ మీద ఎదురుచూస్తున్నవాడు పరాయివాడేమీ కాదు, మా అక్క కొడుకు. ప్రతి ఆదివారం బూట్ల లేసులు బిగించి కట్టుకుని కూర్చునేవాడు, ఆట అయిపోయాక విప్పుకుని ఇంటికి పోయేవాడు. వాడికన్నా ముందు కొందరు పిల్లలు ఇలాగే కూర్చుని కూర్చుని, విసుగొచ్చి ఆటే మానేశారు. వీడూ మానేస్తాడేమోనని నాకు భయం పట్టుకుంది. వాడి ఒక్క ఎడమ కాలు నా రెండు కాళ్లకన్నా నయం.

ఆ రోజుల్లోనే రావిర్యాల కుర్రాళ్లు వచ్చి మా కెప్టెన్‌ని కలిశారు. వాళ్లకు జట్టు ఉంది కానీ నేర్పేవాళ్లు లేరు, మంచి బంతులు లేవు. వాళ్లను మన అనుబంధ జట్టుగా చేసుకుందామన్నాడు కెప్టెన్. బంతులూ శిక్షణా మనం ఇద్దాం, మన పిల్లలు అక్కడ పూర్తి మ్యాచులు ఆడతారు, ఆట ముదిరాక వెనక్కి తెచ్చుకుందాం అని అతని ఆలోచన.

హోటల్లో చాయ్‌లు తాగుతూ దాని మీద పెద్ద వాదనే జరిగింది. మన పిల్లల్ని పక్కూరికి ఇల్లరికం పంపుతామా అన్నాడొకాయన. పోయినవాళ్లు తిరిగి రాకపోతే ఏం చేస్తావన్నాడు ఇంకొకాయన. పెద్దవాళ్ల పక్కన ఆడితేనే ఆట పట్టుబడుతుందని గోల్ కాసే మా గోలీ పట్టుపట్టాడు. పక్కన ఆడితే కదా, పక్కన కూర్చుంటున్నారు అన్నాను నేను. నా చోటు కాపాడుకోవడానికే అల్లుణ్ణి ఊరు దాటిస్తున్నానని గోలీ అంటించాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది, చాయ్ సగంలో వదిలేసి లేచాను. నిజం చెప్పాలంటే నాకు నా చోటూ కావాలి, వాడి ఆటా కావాలి.

చివరికి పంపడానికే ఒప్పుకున్నారు. ఆ మాట చెప్పడానికి అక్క ఇంటికి వెళితే వాడు నా ముఖం చూడలేదు. బూట్లు తీసుకెళ్లి సజ్జ మీద పడేశాడు.

“నన్ను తీసేసిన్రు గదా మామా. గదే సీదా చెప్పరాదు?” అన్నాడు.

అక్క వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. మాది చెరువు మీద బతికిన ఇల్లు. బావ ఇప్పటికీ వల వేస్తాడు. ఆమె తల ఎత్తకుండానే కొడుకుతో అంది.

“గింతంత చాపపిల్లను తీస్కపోయి చెరువుల ఇడుస్తమారా? కొర్రమట్ట గుటుక్కున మింగదా? ముందుగాల కుంటల పెంచి, ఏలెడంత అయినంక ఇడుస్తం. నువ్వు గూడ పోయి జర పెరుగు. గీ కొర్రమట్ట ఉన్నకాడ ఏం పెరుగుతవ్?”

కొర్రమట్ట, అంటే ఆ పెద్ద కొర్రమీను, నేనే. వాడికి నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే సజ్జ మీది బూట్లు కిందికి దిగాయి.

ఆ తర్వాత వాడి మాటలన్నీ రావిర్యాల మాటలే. మోచేతులు గీరుకుపోయి వచ్చేవాడు, అన్నం ముందు కూర్చుని ఆటంతా అప్పజెప్పేవాడు. రావిర్యాల పిల్లల్ని ‘మావోళ్లు’ అనడం మొదలుపెట్టాడు. మొదట చివుక్కుమంది గానీ, తరువాత ఆ మాట కోసమే అక్క ఇంటికి పోయేవాణ్ణి.

సీజను చివర రెండు జట్లకూ స్నేహంగా ఒక మ్యాచ్ పెట్టారు. ఇటు లెఫ్ట్ బ్యాక్ నేను, అటు లెఫ్ట్ బ్యాక్ వాడు. మా జట్టులో అందరికన్నా వేగంగా ఉరికేవాణ్ణి వాడు ఒక్కసారి కూడా దాటనివ్వలేదు. నన్ను మాత్రం ఒక బక్క పిల్లవాడు దాటిపోతూనే ఉన్నాడు. ఓడిపోయాం. అంత సంతోషంగా నేను ఎప్పుడూ ఓడలేదు.

ఆట అవగానే గ్రౌండు మధ్యలోనే జెర్సీ విప్పి, చెమటతో సహా వాడి భుజం మీద వేశాను. ఎవరూ అడగలేదు. వాడు దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

“వస్త మామా. గని నేనొస్తే ఆడ ఎన్క నిలబడి ఒర్రెటోడు ఉండడు. నువ్వు పో మావోళ్ల కాడికి,” అన్నాడు.

అలా పిల్లల కోసం కలుపుకున్న జట్టుకు నేర్పేవాడిగా నేను పోయాను. ఇప్పుడు ఆదివారాలు రావిర్యాలలో గీత పక్కన నిలబడి గొంతు చించుకుంటున్నాను. సంగతి తెలిసిన రోజున అక్క కత్తిపీట మీంచి చెయ్యి తీసి మరీ నవ్వింది.

“కొర్రమట్టను తీస్కపోయి కుంటల ఇడిసిన్రా? ఇగ పిల్లలు పైలంగ ఉండాలె,” అంది.