దీపం పక్కన పంజరం

మా ఇంట్లో పిట్ట దండం పెడుతుందని నాచారంలో మా గల్లీ అంతటికీ తెలిసిపోయింది. పొద్దుగూకినాక మా అత్తమ్మ హారతి ఇచ్చి, పళ్ళెం కింద పెట్టి, పంజరం తలుపు తీసేది. పిట్ట బయటికొచ్చి ఆమె అరచేతి ముందు ఒళ్ళు మొత్తం వంచి, తల కిందికి దించి, తోక పైకెత్తి, రెక్కలు సన్నగా వణికించేది. గొంతులో పసిపిల్ల గునిసినట్టు ఒక చిన్న చప్పుడు. అత్తమ్మ దాన్ని తల నుంచి తోక దాకా నిమిరి "సల్లగుండు బిడ్డా" అని దీవించేది. హారతి కళ్ళకద్దుకోవడానికి వచ్చినవాళ్ళు ఆమె తర్వాత ఒక్కొక్కరే నిమిరేవాళ్ళు.

పక్కింటి వదినది గుంటూరు వైపు. తన చుట్టాలెవరొచ్చినా ముందు మా ఇంటికే తీసుకొచ్చేది. "ఏ జన్మలోనో పూజారి అయ్యుంటుంది వదినా, ఆ వంగడం చూడండి" అనేది. మా ఆయన పేపర్ చాటు నుంచి, "నాకెన్నడూ పెట్టలే దండం" అనేవాడు.

"నువ్వు హారతికి లేస్తే గద పెట్టేది" అని అత్తమ్మ.

అది రామచిలుక కాదు. కాక్‌టీల్ అంటారు, చిన్న జాతి పరదేశపు చిలుక. తెల్లటి ఒళ్ళు, పసుపుపచ్చ జుట్టు, చెంపల మీద నారింజ బొట్లు. మా ఆయనతో పనిచేసే ఒకాయన బదిలీ మీద పోతూ పంజరంతో సహా మాకిచ్చి పోయాడు. పేరేం పెట్టలేదు. "బిడ్డా" అంటే పలికేది. చెంపకు బొట్టు పెట్టుకున్న ముఖం చూసి అత్తమ్మకు మొదటి రోజే ప్రేమ కుదిరింది.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మా నాయన పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నన్ను పక్కన కూచోబెట్టుకుని పలక మీద దిద్దించాడు. అక్షరాలతో పాటు ఆయన చెప్పిన మాటలూ నాలో ఉండిపోయాయి. ఏ ప్రాణి ఏం చేసినా దాంట్లో భగవంతుడు మనకు చెప్పేదొకటి ఉంటుందని ఆయన నమ్మకం. అందుకే పిట్ట వంగినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది. నోరులేని ప్రాణికి కూడా ఇంత భక్తి ఇచ్చినావా తండ్రీ అనుకునేదాన్ని.

మాది చిన్న ఇల్లు. ఒక హాలు, హాలు గోడకే దేవుని అర, అటొక గది, ఇటొక గది, వంటిల్లు. మా ఆయన ఆపరేషన్ అయి బయటపడ్డప్పుడు అత్తమ్మ మొక్కుకుంది, ఆ అరలో దీపం కొండెక్కనివ్వనని. రాత్రిళ్ళు తనే లేచి నూనె పోసేది. ఆ దీపం పక్కనే మేకుకు పంజరం తగిలించాం. దేవుని వెలుగులో పడుకుంటుంది, అంతకంటే ఏం కావాలి అనుకున్నాం. నైవేద్యానికి నానబెట్టిన పెసరపప్పు దేవునికి చూపించినాక మొదట దానికే పోయేది. చప్పిడి పొంగలి వెచ్చవెచ్చగా చేత్తో మెదిపి పెట్టేదాన్ని. అర కింద చీకటిగా ఒక సందు ఉండేది, పేరంటాలకు వచ్చిన రవిక గుడ్డలు దాంట్లో మడిచి పెట్టేవాళ్ళం. పిట్ట ఆ సందులో దూరి గుడ్డల అంచులు పీకుతూ గంటలు గంటలు కూచునేది. ఆడుకుంటుంది, ఆడుకోనీ అనేవాళ్ళం.

ఒకనాడు గుడ్డల మధ్య తెల్లగా, రేగుపండంత గుడ్డు కనపడింది.

మా ఇంట్లో గుడ్డు ముట్టరు. అత్తమ్మ పుట్టింట్లోనూ లేదు. ఆమె కాసేపు ఆ అర వైపే చూసింది.

"ఏందే ఇది, దేవుని కింద?"

"పిట్టదే అత్తమ్మా. ఇది ఆడదన్నట్టు."

"మొగడు లేకుంటనే?"

మా ఆయన గుడ్డును పేపర్‌లో చుట్టి పెరట్లో మందార మొదట్లో పెట్టి మన్ను కప్పాడు. అత్తమ్మ అరను పసుపునీళ్ళతో కడిగించి, తలస్నానం చేసి, అప్పుడు దీపంలో నూనె పోసింది. రోజు విడిచి రోజు ఇంకొకటి. మళ్ళీ మందార మొదలు, మళ్ళీ పసుపునీళ్ళు, మళ్ళీ తలస్నానం. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ మొదలయ్యేది. పెద్దమనిషి, చలికాలంలో అన్నిసార్లు తల తడుపుకుని దగ్గు తెచ్చుకుంది. అయినా పిట్టను ఒక్క మాట అనలేదు. "పాపం, దానికేం దెలుసు మడి" అనేది.

చివరికి ఒక పొద్దున పిట్ట తను కూచునే పుల్ల మీద లేదు. పంజరం అడుగున ఉబ్బి, కళ్ళు మూసుకుని, ఊపిరితో పాటు తోక కొట్టుకుంటూ కూచుంది. పిలిస్తే పలకలేదు. అత్తమ్మ పంజరం ముందు కూలబడి, "జల్ది దవాఖానకు తీస్కపో" అంది. మా ఆయన డ్యూటీకి పోయాడు. నేను చెప్పుల డబ్బాలో పాత తువ్వాలు పరిచి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఉప్పల్‌లో పిట్టలను చూసే డాక్టరమ్మ ఉందని పక్కింటి వదిన చెప్పింది. ఆటో అన్న గుంతలు తప్పించుకుంటూ నిమ్మళంగా నడిపాడు. ఒళ్ళో ఏముందని అడగలేదు, నా ముఖం చూసి ఉంటాడు. ఆయన పిల్లలు సల్లగుండాలి.

డాక్టరమ్మ చిన్న వయసుది. పిట్ట కడుపు వేలితో తాకి, "గుడ్డు అడ్డం పడిందమ్మా" అంది. సూది ఇచ్చి, వెచ్చగా ఉండే పెట్టెలో పెట్టి, నన్ను ఎదురుగా కూచోబెట్టి ఒక్కొక్కటే అడిగింది. ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, ఎక్కడ నిమురుతారు. నేను కన్నీళ్ళు తుడుచుకుంటూనే కొంచెం గర్వంగా చెప్పాను. దీపం సంగతి, పెసరపప్పు సంగతి, సందు సంగతి. దండం సంగతి చెప్పేసరికి ఆమె తల వంచుకుంది. నవ్వు ఆపుకుంటుందో, జాలి పడుతుందో తెలియలేదు.

"అమ్మా, ఏమనుకోవద్దు. అది దండం కాదు. జతకు పిలుస్తూ అట్లా వంగుతుంది."

నాకు చెవులు వేడెక్కాయి.

ఆమె మెల్లగా విడమరిచి చెప్పింది. చిలుకలకు పొద్దు పొడుగైతే గుడ్ల కాలం వచ్చినట్టు. రాత్రంతా దీపం వెలుగుతుంటే దానికి ఏడాది పొడుగునా అదే కాలం. మెత్తటి వెచ్చటి తిండి పెడితే పిల్లలకు మేత దొరుకుతుందని దాని ఒళ్ళు అనుకుంటుంది. చీకటి సందు గూడు. వీపు నిమిరితే జత దొరికినట్టే. ఇక గుడ్డు తీసేస్తే, పోయిందనుకుని ఇంకొకటి పెడుతుంది.

"మీరు తీసిన కొద్దీ అది పెట్టింది. పెంకు కోసం తన ఎముకల్లో సున్నం కరిగించుకుంది. ఈసారి గట్టెక్కితే అదృష్టం. మళ్ళీ ఇట్లానే నడిస్తే బతకదమ్మా."

బయట బెంచీ మీద కూచుని నాకు తెలిసిన స్తోత్రాలన్నీ అయిపోయినాక మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను. మధ్యాహ్నానికి డాక్టరమ్మ వచ్చి, "బయటపడింది" అంది. ఏది బయటపడిందో, గుడ్డా పిట్టా అని అడగడానికి నోరు రాలేదు. రెండూ అట. ఆమె చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఆమె దూదిలో చుట్టిన గుడ్డు నా చేతిలో పెట్టింది.

"దీన్ని పంజరం అడుగున పెట్టండి. పొదగనివ్వండి. జత లేని గుడ్డు, పిల్ల రాదు, విసుగొచ్చి తనే వదిలేస్తుంది. పొద్దు మునిగితే చీకటి, పొద్దు పొడిచేదాకా చీకటి. నిమిరితే తల ఒక్కటే."

ఉప్పల్ నుంచి నాచారం దాకా నాకు ఒకటే ఆలోచన, అత్తమ్మకు ఎట్లా చెప్పాలి. దీపం సంగతి ఒక ఎత్తు, దండం సంగతి ఒక ఎత్తు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. పిట్ట కళ్ళు తెరిచి ఉండడం చూసి గోడకు ఆనుకుని కూచుంది. నీళ్ళు తాగి అంతా చెప్పాను. జత మాట వచ్చినప్పుడు గొంతు తగ్గించాను. ఆమె తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"అయితే గిన్నొద్దులు నేను దానికి పెనిమిటినైననా?"

నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "గల్లీ గల్లీ వచ్చి నిమిరిపాయె గదనే దాన్ని. పాపం, ఒక్కదాన్ని గింత ఆశ పెట్టినం" అంది.

తలుపు వేసుకునే వీలున్నది అత్తమ్మ గదికే. ఆ సాయంత్రం పంజరం అక్కడ పెట్టి, కిటికీకి దుప్పటి కట్టి, తలుపు వేశాం. అత్తమ్మ హాల్లో మంచం వేసుకుంది. దీపం ఎరిగిన పిట్టకు చీకటి కొత్త. బెదిరి పంజరమంతా కొట్టుకుంది. తెల్లారి చూస్తే రెక్కలో ఈక ఒకటి విరిగి, రక్తం చుక్కలు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, లైటు మాత్రం వేయొద్దు, పక్కన మనిషి అలికిడి తెలిస్తే బెదరదు అంది.

"నేను పండుకుంట దాని పక్కన" అంది అత్తమ్మ.

"మరి దీపానికి లేస్తవు గద అత్తమ్మా? తలుపు తీస్తే వెలుగు పడ్తది."

ఆమె దేవుని అర వైపు చూసింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆ దీపపు కుందిని నేను తోమాను, వత్తులు చేసి ఇచ్చాను. నూనె పోయడం ఆమెదే. మొక్కు ఆమెది, కొడుకు ఆమె కొడుకు. ఆమె లేచి వెళ్ళి నూనె గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"దీపం నువ్వు సూస్కో. పిల్లను నేను సూస్కుంట."

"కొండెక్కితే?"

"ఎందుకెక్కుతది, నువ్వున్నవ్ గద."

నేను ఆమె కాళ్ళు తాకాను. ఇంకేం చేయాలో తోచలేదు.

అప్పటి నుంచి పొద్దు మునగక ముందే ఆమె అన్నం తిని గదిలోకి పోయేది. దీపం వెలుగు లేకుండా ఆమె ఎన్నడూ పడుకోలేదు. గోడ పట్టుకుని మంచం వెతుక్కునేది. తలుపు బయటి నుంచి వింటే ఆమె గొంతు సన్నగా వినపడేది. పిట్టకో తనకో తెలియదు, "ఏం గాదు, ఏం గాదు, నేనున్న" అని. మా ఆయన టీవీ సౌండు తగ్గించి, తర్వాత టీవీనే తగ్గించాడు. పెసరపప్పు మానేశాం, పొంగలి మానేశాం. అర కింద సందుకు చెక్క కొట్టించాం.

ఆ వారంలోనే పిట్ట ఇంకో గుడ్డుకు కూచుంది. ఆ పూట మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. సాయంత్రానికి ఏ బాధా లేకుండా పెట్టింది. ఎవరం తీయలేదు. రెండు గుడ్లూ అత్తమ్మ మంచం పక్కనే, తన తులసి మాల తగిలించుకునే మేకు కిందే ఉన్నాయి. ఒకనాడు నేను కాఫీ ఇవ్వడానికి పోతే ఒక గుడ్డు దొర్లి అవతలికి పోయింది. అత్తమ్మ వేలితో దాన్ని పిట్ట కిందికి నెడుతుంది. నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కడుక్కుంటలే. నువ్వు సూడకు."

పక్కింటి వదిన మరదలు విజయవాడ నుంచి వచ్చింది. దీపాల వేళకు ఇద్దరూ మా ఇంటికొచ్చారు. అత్తమ్మ అప్పుడే గదిలోకి పోబోతుంది.

"దండం చూపిద్దామని తీసుకొచ్చాను పిన్నిగారూ. ఒక్క నిమిషం."

"పండుకున్నది."

"ఇంత పెందలాడేనా?"

"బాలింత గదనమ్మా. పొద్దుగాల రాండ్రి, సూద్దురు. దండం మాత్రం అడగొద్దు, మాన్పిచ్చినం." ఆమె తలుపు దగ్గరికి వేసుకుంది. వదిన నా వైపు చూసింది. నేను హారతి పళ్ళెం ఆమె ముందుకు జరిపాను.

రోజులు గడుస్తుంటే పిట్ట గుడ్ల మీద కూచునే సేపు తగ్గింది. ఒక పొద్దున నేను దీపం చూసుకుని తిరిగేసరికి అత్తమ్మ గది తలుపు తెరిచి ఉంది. పిట్ట పై పుల్ల మీద కూచుని, జుట్టు లేపి, బయటికి తీయమని గొంతు చించుకుంటుంది. గుడ్లు అడుగున ఒక మూలకు పోయాయి, అది వాటి వైపు చూడను కూడా లేదు. అత్తమ్మ అరచెయ్యి పెట్టింది. వంగలేదు. వేలు మీద ఒక్క పోటు పొడిచి, ఎగిరి ఆమె భుజమెక్కింది.

"కరిసింది" అంది అత్తమ్మ, వేలు నాకు చూపిస్తూ. ఆ ముఖంలో ఉన్న సంతోషం నేను మా ఆయన ఆపరేషన్ అయిన రోజు చూశాను.

డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగితే, ఇప్పుడు తీసేయొచ్చు అంది. మా ఆయన పేపర్ ముక్క కోసం వెతుకుతున్నాడు. ఈలోపల అత్తమ్మ పంజరంలో చెయ్యి పెట్టి రెండు గుడ్లూ తన అరచేతిలోకి తీసుకుంది. పిట్టను భుజం మీది నుంచి నాకిచ్చి, పెరటి తలుపు తీసి మందార దగ్గరికి పోయింది. గడ్డపారతో కాదు, వేళ్ళతోనే మన్ను తీసింది. నేను పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టాను.

"అత్తమ్మా, తలస్నానానికి నీళ్ళు కాగబెడుతున్న."

ఆమె మన్ను కప్పి, దాని మీద అరచేత్తో ఒకసారి మెల్లగా తట్టింది.

"ఎందుకే? చేతులు కడుక్కుంటే సాలు."